మెట్‌పల్లి నుంచి ఢిల్లీకి: ఒక శాసనసభ్యుడి జాతీయ ప్రస్థానం

వేములవాడ, సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల ప్రజాజీవితాన్ని శాసించే ప్రశ్నలలో పెద్దవి చాలావరకు హైదరాబాదులో కాక ఢిల్లీలో తేలుతాయి. ఎగువన మహారాష్ట్రలో గోదావరిపై కట్టిన బాబ్లీ ఆనకట్ట గేట్లు ఏటా ఎప్పుడు తెరిచి ఉంచాలన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, జులై 1 నుంచి అక్టోబరు 28 వరకు అవి తెరిచే ఉండాలని 2013 ఫిబ్రవరిలో వచ్చిన తీర్పుతో గాని ఒక కొలిక్కి రాలేదు. సిరిసిల్ల సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, నేసే గుడ్డకు, ఆ గుడ్డకు వాడే నూలుకు ఎంత పన్ను పడాలన్నది జీఎస్టీ మండలి నిర్ణయిస్తుంది. మెట్‌పల్లి, కోరుట్ల రైతుల పసుపు పంటకు సంబంధించిన ఎగుమతి, దిగుమతి విధానాలు కేంద్ర వాణిజ్య శాఖ చేతిలో ఉన్నాయి. దుబాయి, మస్కట్, కువైట్ బాట పట్టిన వలస కార్మికుల రక్షణ 1983 నాటి వలస చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ బాధ్యత. కనుక ఈ ప్రాంతపు శాసనసభ్యుడొకరు పార్లమెంటుకు వెళ్ళాలని తలపెట్టినప్పుడు దానిని ఒక నాయకుని పదవీకాంక్షగా మాత్రమే చూడడం సరికాదు. గ్రామాల సమస్యను దగ్గరగా చూసిన మనిషి ఆ సమస్య తేలే చోటికి చేరగలడా లేదా అన్న ప్రశ్న అందులో ఇమిడి ఉంది. ఆ ప్రశ్నకు ఈ నేల మీద దొరికే అత్యంత సంపూర్ణమైన ఉదాహరణ చెన్నమనేని విద్యాసాగర్‌రావు రాజకీయ జీవితం.

ఆ జీవితాన్ని పరిశీలించే ముందు, ఎమ్మెల్యే, ఎంపీ అనే రెండు పదవుల మధ్య ఉన్న దూరాన్ని గ్రహించాలి. సమైక్య ఆంధ్రప్రదేశ్‌లో 294 శాసనసభ స్థానాలు, 42 లోక్‌సభ స్థానాలు ఉండేవి. నేటి తెలంగాణలో 119 శాసనసభ స్థానాలకు 17 లోక్‌సభ స్థానాలు ఉన్నాయి. రెండు లెక్కలలోనూ ఒక్కొక్క లోక్‌సభ నియోజకవర్గంలో ఏడేసి శాసనసభ స్థానాలు, అంటే ఎన్నికల పరిభాషలో ఏడు సెగ్మెంట్లు, చేరి ఉంటాయి. శాసనసభ్యుడు తన ఊళ్ళను పేరుపేరునా ఎరుగును. ఎవరి పట్టా పాసుపుస్తకం ఎక్కడ ఆగిందో, ఏ చెరువుకు ఏ ఏడు గండి పడిందో, ఏ ఇంటి పింఛను రాకుండా నిలిచిపోయిందో ఆయనకు తెలుస్తుంది, ఆయన ఇంటి ముందు తెల్లవారేసరికి చేరే జనం ఆ పనుల కోసమే వస్తారు. ప్రజలు పైరవీ అని పిలిచే ఈ పని, అనగా కార్యాలయాలకు, సామాన్యునికి మధ్య నిలిచి పని జరిపించడం, శాసనసభ్యుని పలుకుబడికి పునాది. లోక్‌సభకు నిలబడినప్పుడు ఆ పునాది ఏడింటిలో ఒక భాగానికే పనికివస్తుంది. మిగిలిన ఆరు సెగ్మెంట్లలో అభ్యర్థి పేరు కన్నా ఆయన పార్టీ, ఆ ఏటి గాలి, దేశాన్ని ఎవరు పాలించాలన్న తలంపు ముందు నడుస్తాయి.

చట్టం ఈ ప్రయాణానికి అడ్డు చెప్పదు గాని ఒక హద్దు గీస్తుంది. శాసనసభ్యుడు తన పదవికి రాజీనామా చేయకుండానే లోక్‌సభకు పోటీ చేయవచ్చు, ఓడిపోతే తన పాత స్థానంలోనే కొనసాగవచ్చు. గెలిచిన పక్షంలో మాత్రం రాజ్యాంగంలోని 101వ అధికరణం, 1950 నాటి నిబంధనలు వర్తిస్తాయి. గెజిట్‌లో ఫలితం ప్రకటితమైన నాటి నుంచి 14 రోజులలోగా శాసనసభ సభ్యత్వాన్ని వదులుకోకపోతే, పోయేది శాసనసభ స్థానం కాదు, పార్లమెంటు స్థానమే. ఒక మనిషి ఒకే కాలంలో రెండు సభలలో కూర్చోరాదన్న ఈ నియమం వల్ల, పైకి వెళ్ళదలచిన ప్రతి శాసనసభ్యుడూ తాను ఏళ్ళ తరబడి నిర్మించుకున్న చోటును వదిలిపెట్టి వెళ్ళవలసి వస్తుంది, ఆ చోటు ఉప ఎన్నికకు, అంటే మధ్యలో ఖాళీ అయిన స్థానానికి జరిగే ఎన్నికకు, లోనవుతుంది.

విద్యాసాగర్‌రావు 1941 ఫిబ్రవరి 12న నేటి రాజన్న సిరిసిల్ల జిల్లా కోనరావుపేట మండలంలోని నాగారంలో జన్మించారు. ఆ మండలం ఇప్పుడు వేములవాడ శాసనసభ నియోజకవర్గంలో ఉంది. ఒకే ఇంటి నుంచి మూడు భిన్నమైన మార్గాలలో ముగ్గురు సోదరులు ప్రజాజీవితంలోకి రావడం ఆ కుటుంబ విశేషం. పెద్దవారైన రాజేశ్వరరావు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న కమ్యూనిస్టు; 1957లో చొప్పదండి నుంచి, ఆ తరువాత పలుమార్లు సిరిసిల్ల నుంచి శాసనసభకు ఎన్నికై, సభలో సీపీఐ పక్షానికి నాయకత్వం వహించారు. మరొక సోదరుడు హనుమంతరావు వ్యవసాయ ఆర్థికశాస్త్రంలో పేరుపొందిన పండితుడు. ఏ ఎన్నికలోనూ నిలబడకుండానే 1980లలో ప్రణాళికా సంఘం సభ్యులై, మెట్ట ప్రాంతాల అభివృద్ధిపై జాతీయ స్థాయిలో విధానాలు రూపొందే చోట పనిచేశారు. న్యాయవాదిగా వృత్తి జీవితం మొదలుపెట్టిన విద్యాసాగర్‌రావు జనసంఘ్‌లో చేరి, ఆత్యయిక పరిస్థితి కాలంలో జైలుకు వెళ్ళి, అనంతరం భారతీయ జనతా పార్టీలో కొనసాగారు. అన్న ఎర్రజెండా, తమ్ముడు కాషాయ జెండా పట్టినా, ఇద్దరూ ప్రతిపక్ష రాజకీయాలనే ఎంచుకున్నారు, అధికార పార్టీ అండ లేకుండా పేరు తెచ్చుకోవలసి వచ్చింది. ఆ కాలపు కరీంనగర్ జిల్లాలో అది తేలికైన పని కాదు.

1985 మార్చిలో ఎన్.టి.రామారావు కోరి తెచ్చుకున్న మధ్యంతర ఎన్నికలలో తెలుగుదేశం పార్టీ అటు వామపక్షాలతోనూ ఇటు బీజేపీతోనూ సర్దుబాటు చేసుకుంది. ఆ ఎన్నికలో రాజేశ్వరరావు సిరిసిల్ల నుంచి, విద్యాసాగర్‌రావు మెట్‌పల్లి నుంచి గెలిచి ఒకే సభలో వేరువేరు బల్లల మీద కూర్చున్నారు. మెట్‌పల్లి అప్పటికి ఆయన సొంత ప్రాంతం కాదు. గోదావరి ఒడ్డున, శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింద వరి, పసుపు పండే ఊళ్ళు, గల్ఫ్ వలస వేళ్ళూనుకుంటున్న పల్లెలు, ఖాదీకి పేరున్న పట్టణం కలిసిన నియోజకవర్గం అది. అక్కడ ఆయన 1989లో రెండవసారి, 1994లో మూడవసారి గెలిచారు. ఈ మూడింటిలో మూడవ గెలుపు విశేషమైనది. 1994లో తెలుగుదేశం 200కు మించిన స్థానాలతో రాష్ట్రాన్ని ఊపివేసింది. బీజేపీ ఒంటరిగా నిలబడి రాష్ట్రం మొత్తం మీద మూడే స్థానాలు దక్కించుకుంది. ఆ మూడింటిలో మెట్‌పల్లి ఒకటి. పొత్తు లేని చోట, గాలి ఎదురుగా వీచిన ఏట వచ్చిన ఆ విజయం పార్టీది అనడం కన్నా మనిషిది అనడమే న్యాయం.

బీజేపీ శాసనసభాపక్ష నాయకునిగానూ పనిచేసిన ఈ 13 ఏళ్ళ శాసనసభ జీవితం ఆయనకు నేర్పిన విద్య ఏమిటో ఆలోచించాలి. మూడు నుంచి ఎనిమిది మంది సభ్యులున్న పక్షానికి సభలో మాట్లాడే సమయం నిమిషాల లెక్కన దొరుకుతుంది. శాసనసభాపక్ష నాయకుడు, అనగా ఒక పార్టీ సభ్యులందరి తరఫున సభాపతితోనూ ప్రభుత్వంతోనూ వ్యవహరించే వ్యక్తి, ఆ నిమిషాలను ఏ విషయానికి ఖర్చు చేయాలో నిర్ణయించాలి. అందుకు బడ్జెటు పద్దులు చదవాలి, నియమావళి తెలియాలి, ఎదుటి పక్షంలో ఎవరు ఏ అంశంపై కలిసివస్తారో గ్రహించాలి. పాలకపక్షంలో వందమందిలో ఒకరుగా ఉండే సభ్యునికి అక్కరలేని ఈ సాధన, చిన్న పక్షపు నాయకునికి తప్పనిసరి అవుతుంది. సంకీర్ణ ప్రభుత్వాలు, అంటే ఏ ఒక్క పార్టీకీ పూర్తి మెజారిటీ లేక పలు పార్టీలు కలిసి నడిపే ప్రభుత్వాలు, ఢిల్లీలో మామూలైపోయిన 1990ల చివరి సంవత్సరాలకు ఇంతకన్నా తగిన శిక్షణ ఉండదు.

1998 ఫిబ్రవరిలో జరిగిన లోక్‌సభ ఎన్నికలలో విద్యాసాగర్‌రావు కరీంనగర్ స్థానానికి నిలబడి గెలిచారు. చిన్న రాష్ట్రాలను సమర్థిస్తూ, ఒక ఓటు, రెండు రాష్ట్రాలు అన్న నినాదంతో తెలంగాణలో ప్రచారం సాగించిన బీజేపీ ఆ ఏడు ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు లోక్‌సభ స్థానాలు గెలిచింది. సికింద్రాబాద్, కాకినాడ, రాజమండ్రి మిగిలిన మూడు. వాటిలో కరీంనగర్ ప్రధానంగా గ్రామీణ తెలంగాణ స్థానం కావడం గమనించదగినది. ప్రత్యేక రాష్ట్ర నినాదం, అటల్ బిహారీ వాజపేయి పేరు, మెట్‌పల్లిలో సంపాదించుకున్న నమ్మకం, ఈ మూడూ ఒక్కచోట కలిసినందువల్లనే అది సాధ్యపడింది. మొదటి రెండూ ఆ ఏటివి, మూడవది పదమూడేళ్ళ కష్టఫలం. ఆ లోక్‌సభ ఆయుర్దాయం మాత్రం స్వల్పం. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269కి 270 ఓట్లతో, ఒకే ఒక్క ఓటు తేడాతో విశ్వాస పరీక్షలో ఓడిపోయింది, సభ రద్దయింది, కరీంనగర్ ఓటరు అదే ఏడు మళ్ళీ ఓటు వేయవలసి వచ్చింది.

1999లో బీజేపీ తెలుగుదేశంతో పొత్తు పెట్టుకుని రాష్ట్రంలో ఏడు లోక్‌సభ స్థానాలు గెలిచింది, కరీంనగర్ మళ్ళీ విద్యాసాగర్‌రావుకే దక్కింది, ఆయన కేంద్రంలో హోం శాఖ సహాయ మంత్రి అయ్యారు. కేంద్ర మంత్రిమండలిలో మూడు అంతరువులు ఉంటాయి: విధానాలు నిర్ణయించే కేబినెట్ మంత్రులు, ఒక శాఖను సొంతంగా చూసే స్వతంత్ర హోదా గల సహాయ మంత్రులు, కేబినెట్ మంత్రి కింద పనిచేసే సహాయ మంత్రులు. ఎల్.కె.ఆడ్వాణీ హోం మంత్రిగా ఉన్న కాలంలో విద్యాసాగర్‌రావుకు లభించింది ఈ మూడవ అంతరువు. పార్లమెంటులో ప్రశ్నలకు జవాబులు చెప్పడం, బిల్లులపై చర్చలలో ప్రభుత్వ పక్షాన నిలబడడం, రాష్ట్రాలతో సంప్రదింపులు జరపడం ఆ పదవిలోని నిత్యకృత్యం. 2001 డిసెంబరు 13న పార్లమెంటు భవనంపై దాడి జరిగినప్పుడు, ఆ మరుసటి ఏడు ఉగ్రవాద నిరోధక చట్టం రెండు సభల సంయుక్త సమావేశంలో ఆమోదం పొందినప్పుడు ఆయన ఆ శాఖలోనే ఉన్నారు.

అయితే ఈ ప్రాంతపు చరిత్ర దృష్ట్యా ఆ పదవీకాలంలో అన్నిటికన్నా బరువైన సంవత్సరం 2000. కొత్త రాష్ట్రాన్ని ఏర్పరచే అధికారం రాజ్యాంగంలోని మూడవ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. రాష్ట్రపతి సిఫారసుతో బిల్లు ప్రవేశపెట్టాలి, సంబంధిత రాష్ట్ర శాసనసభ అభిప్రాయాన్ని కోరాలి, ఆ అభిప్రాయం ఎలా ఉన్నా పార్లమెంటు ముందుకు సాగవచ్చు. ఈ వ్యవహారమంతా నడిపేది హోం శాఖ. ఆ ఏడు నవంబరులో ఛత్తీస్‌గఢ్, ఉత్తరాంచల్, జార్ఖండ్ అనే మూడు రాష్ట్రాలు రెండు వారాల వ్యవధిలో పుట్టాయి. రెండేళ్ళ క్రితం తెలంగాణ నినాదంతో గెలిచి వచ్చిన కరీంనగర్ ఎంపీ ఆ శాఖలోనే సహాయ మంత్రిగా ఉన్నారు, కాని నాలుగవ బిల్లు రాలేదు. కేంద్ర ప్రభుత్వ మనుగడకు తెలుగుదేశం సభ్యుల మద్దతు అవసరం, రాష్ట్ర విభజనకు తెలుగుదేశం వ్యతిరేకం. ఆ లెక్క ముందు ఒక సహాయ మంత్రి అభిమతానికి చోటు లేదు. రాష్ట్ర శాసనసభలో ప్రతిపక్ష సభ్యుడు తన మనసులో ఉన్నది నిలబడి చెప్పగలడు. కేంద్ర మంత్రి తన ప్రభుత్వ నిర్ణయానికి కట్టుబడాలి, ఎందుకంటే మంత్రిమండలి సమష్టి బాధ్యత అన్న సూత్రం ప్రకారం ఒక మంత్రి బయట వేరుగా మాట్లాడితే రాజీనామా చేయవలసి ఉంటుంది. పదవి పెరిగిన కొద్దీ మాట తగ్గవలసి రావడం జాతీయ స్థాయికి వెళ్ళే ప్రతి శాసనసభ్యుడూ చెల్లించే మూల్యం. విద్యాసాగర్‌రావు చెల్లించిన మూల్యం మాత్రం చాలా పెద్దది.

దాని ఫలితం నాలుగేళ్ళలో కనిపించింది. సిద్దిపేట ఎమ్మెల్యేగా, శాసనసభ ఉపసభాపతిగా ఉన్న కె.చంద్రశేఖరరావు ఆ పదవులకు రాజీనామా చేసి 2001 ఏప్రిల్ 27న తెలంగాణ రాష్ట్ర సమితిని స్థాపించారు; 2004లో కాంగ్రెస్‌తో పొత్తు కుదుర్చుకుని సిద్దిపేట శాసనసభ స్థానంతో పాటు కరీంనగర్ లోక్‌సభ స్థానానికీ పోటీ చేసి రెండింటా గెలిచి, సిద్దిపేటను వదిలి ఢిల్లీ వెళ్ళి కేంద్ర కార్మిక శాఖ మంత్రి అయ్యారు. కరీంనగర్‌లో ఆయన చేతిలో లక్షకు మించిన ఓట్ల తేడాతో ఓడినవారు, అప్పటికి వాణిజ్య, పరిశ్రమల శాఖ సహాయ మంత్రిగా ఉన్న విద్యాసాగర్‌రావు. శాసనసభకూ లోక్‌సభకూ అప్పుడు ఎన్నికలు కలిసే జరిగాయి. కమ్యూనిస్టు పార్టీని వీడి తెలుగుదేశంలో చేరిన రాజేశ్వరరావు, అదే తెలుగుదేశం, బీజేపీ కూటమి తరఫున, వృద్ధాప్యంలో సిరిసిల్ల నుంచి శాసనసభకు గెలిచారు. ఒకే కూటమి, ఒకే ఎన్నికల కాలం, ఒకే కుటుంబం. అన్న గెలిచారు, తమ్ముడు ఓడారు. ఎమ్మెల్యేకు వేసే ఓటులో మనిషిని చూసే జనం ఎంపీకి వేసే ఓటులో పెద్ద ప్రశ్నను చూస్తారన్న మాటకు ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం దొరకదు.

కరీంనగర్ లోక్‌సభ స్థానం ఆ తరువాత కొంతకాలం తెలంగాణ ఉద్యమానికి తూనికరాయిగా మారింది. కాంగ్రెస్ నాయకుడు ఎం.సత్యనారాయణరావు విసిరిన సవాలును స్వీకరించి చంద్రశేఖరరావు రాజీనామా చేయగా 2006లో ఉప ఎన్నిక జరిగింది, 2008లో మళ్ళీ రాజీనామాతో మరొక ఉప ఎన్నిక జరిగింది. రెండింటిలోనూ కాంగ్రెస్ నిలబెట్టింది జగిత్యాల శాసనసభ్యుడు తాటిపర్తి జీవన్‌రెడ్డిని. 1983లో తెలుగుదేశం అభ్యర్థిగా, తరువాత కాంగ్రెస్ అభ్యర్థిగా 1989, 1996, 1999, 2004, 2014లలో, మొత్తం ఆరుసార్లు జగిత్యాల నుంచి గెలిచిన ఆయనను నియోజకవర్గంలో ఎరగని గడప లేదు. అంతటి అనుభవజ్ఞుడు 2006లో రెండు లక్షలకు మించిన ఓట్ల తేడాతో ఓడిపోయారు. 2008లో మాత్రం ఆ తేడాను 15 వేల చిల్లరకు కుదించగలిగారు. రెండేళ్ళలో ఇంత తేడా రావడానికి ఉద్యమ వేడిలోని హెచ్చుతగ్గులే కారణమని అనుకోవచ్చు. వ్యక్తి బలం ఏమిటన్నది వేడి తగ్గినప్పుడే బయటపడింది. రాజీనామా చేయకుండా పోటీ చేసే వెసులుబాటు ఉన్నందువల్ల, రెండు ఓటముల తరువాత కూడా ఆయన జగిత్యాల ఎమ్మెల్యేగానే మిగిలారు.

జగిత్యాలకే చెందిన ఎల్.రమణ కథ దీనికి మరో పార్శ్వం. 1994లో తెలుగుదేశం తరఫున శాసనసభకు గెలిచిన ఆయన రెండేళ్ళకే, 1996లో, కరీంనగర్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆయన వదిలిన జగిత్యాల స్థానానికి వచ్చిన ఉప ఎన్నికలో గెలిచింది జీవన్‌రెడ్డి. ఆ స్థానం మళ్ళీ రమణకు దక్కడానికి 2009 దాకా ఆగవలసి వచ్చింది. 1996 నాటి లోక్‌సభ రెండేళ్ళైనా నిలవలేదు. రెండేళ్ళ ఎంపీ పదవి కోసం పదమూడేళ్ళు సొంత స్థానానికి దూరం కావడం ఎంతటి కఠినమైన బేరమో ఈ వరుస చూస్తే తెలుస్తుంది.

పూర్వపు కరీంనగర్ జిల్లాలో ఈ మార్గాన్ని చివరి మెట్టు వరకు ఎక్కినవారు పి.వి.నరసింహారావు ఒక్కరే. వంగరకు చెందిన ఆయన 1957 నుంచి 1972 వరకు వరుసగా నాలుగుసార్లు మంథని నుంచి శాసనసభకు ఎన్నికై, మంత్రిగా, 1971 నుంచి 1973 వరకు ముఖ్యమంత్రిగా పనిచేసి, 1977లో హనుమకొండ నుంచి లోక్‌సభలో అడుగుపెట్టారు. ఇరవై ఏళ్ళ రాష్ట్ర అనుభవం తరువాత విదేశాంగం, హోం, మానవ వనరులు వంటి శాఖలు ఆయన చేతికి వచ్చాయి. అయితే 1984లో సొంత ప్రాంతమైన హనుమకొండలో ఆయన బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు, అదే ఎన్నికలో మహారాష్ట్రలోని రామ్‌టెక్ నుంచి కూడా నిలబడి గెలిచినందువల్లనే లోక్‌సభలో కొనసాగగలిగారు. ఒక వ్యక్తి ఎన్ని స్థానాల నుంచైనా పోటీ చేయగలిగిన కాలం అది. రెండింటికి మించరాదన్న పరిమితి 1996లో వచ్చింది. 1991లో ప్రధాని అయిన పి.వి. జీవితం ఈ ప్రాంతంలో అందరికీ కంఠస్థమే గనుక ఇక్కడ విస్తరించనక్కరలేదు. రాష్ట్ర స్థాయి అనుభవం జాతీయ స్థాయిలో ఎంతగా పండగలదో చూపడానికి ఆ ఒక్క పేరు చాలు.

విద్యాసాగర్‌రావు 2014లో మరొకసారి కరీంనగర్ లోక్‌సభకు నిలబడ్డారు. ఆ ఫిబ్రవరిలో తెలంగాణ బిల్లుకు బీజేపీ ప్రతిపక్షంలో ఉండి మద్దతిచ్చింది; అయినా ప్రజలు రాష్ట్ర సాధన ఘనతను తెలంగాణ రాష్ట్ర సమితికే కట్టబెట్టి బి.వినోద్‌కుమార్‌ను గెలిపించారు, విద్యాసాగర్‌రావు మూడవ స్థానంలో మిగిలారు. అదే ఏడు ఆగస్టు 30న ఆయన మహారాష్ట్ర గవర్నరుగా ప్రమాణం చేశారు. గవర్నరు ఎన్నికయ్యే పదవి కాదు. రాష్ట్రపతి నియమిస్తారు, ఆ పదవిలో ఉన్నవారు ఏ చట్టసభలోనూ సభ్యులుగా ఉండరాదు. ఓటరు పంపని చోటికి నియామకం పంపడం ప్రజాస్వామ్య దృష్టిలో చర్చనీయమే అయినా, ఆయన అనుభవం అధికంగా అక్కరకు వచ్చింది ఆ పదవిలోనే అనిపిస్తుంది. గోదావరి, ప్రాణహితల మీద మేడిగడ్డ, తుమ్మిడిహట్టి, పెన్‌గంగ మీద చనాకా-కొరాటా బ్యారేజీల నిర్మాణానికి మహారాష్ట్ర, తెలంగాణ ముఖ్యమంత్రులు 2016 ఆగస్టు 23న ముంబయిలో ఒప్పందం చేసుకున్నప్పుడు మహారాష్ట్ర రాజ్‌భవన్‌లో ఉన్నది గోదావరి ఆయకట్టు ఊళ్ళకు పదమూడేళ్ళు ప్రాతినిధ్యం వహించిన మనిషి.

2016 సెప్టెంబరు నుంచి 2017 అక్టోబరు వరకు తమిళనాడు గవర్నరు బాధ్యతలు కూడా ఆయనవే. 2016 డిసెంబరు 5న ముఖ్యమంత్రి జయలలిత మరణించారు, ఓ.పన్నీర్‌సెల్వం ఆ పదవిలోకి వచ్చారు. 2017 ఫిబ్రవరి 5న అన్నాడీఎంకే శాసనసభ్యులు వి.కె.శశికళను నాయకురాలిగా ఎన్నుకోగా, రెండు రోజులకే పన్నీర్‌సెల్వం తిరగబడ్డారు. మెజారిటీ ఎవరి వెంట ఉన్నదో తేల్చి ముఖ్యమంత్రిని నియమించడం గవర్నరు విధి. శశికళపై అవినీతి కేసులో సుప్రీంకోర్టు తీర్పు త్వరలో రానుండగా విద్యాసాగర్‌రావు తొందరపడలేదు. ఫిబ్రవరి 14న ఆమెకు శిక్ష ఖరారయింది, 16న ఎడప్పాడి పళనిస్వామితో ఆయన ప్రమాణం చేయించారు, 18న సభలో 122 మంది మద్దతుతో పళనిస్వామి బలం నిరూపించుకున్నారు. ఆ పది రోజుల జాప్యం కేంద్రంలోని పాలకపక్షానికి మేలు చేయడానికేనన్న విమర్శ అప్పుడు బలంగా వచ్చింది, దానిని తేలికగా కొట్టివేయలేము. తీర్పు వచ్చాక చూస్తే మాత్రం, రెండు వారాలలో ఇద్దరు ముఖ్యమంత్రులు మారే దుస్థితి నుంచి ఒక రాష్ట్రం బయటపడిందని ఒప్పుకోవాలి. తలలు లెక్కపెట్టేది రాజ్‌భవన్‌లో కాదు, సభలోనే అన్నది శాసనసభాపక్ష నాయకునిగా పనిచేసిన వ్యక్తికి వేరొకరు చెప్పనక్కరలేదు.

ఆయన ఎన్నికల రంగం నుంచి తప్పుకున్న తరువాత ఈ ప్రాంతంలో మరొక మార్పు కనిపిస్తుంది. 2019లో కరీంనగర్ నుంచి గెలిచిన బండి సంజయ్ నగరపాలక సంస్థలో కార్పొరేటరుగా ఎదిగినవారు; అంతకుముందు 2014, 2018లలో కరీంనగర్ శాసనసభ స్థానంలో ఓడినవారు. జగిత్యాల, కోరుట్ల సెగ్మెంట్లు చేరి ఉన్న నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో అదే ఏడు ధర్మపురి అరవింద్ గెలిచారు. ఆయన కూడా శాసనసభ చూసినవారు కాదు. ఆ నిజామాబాద్ ఎన్నికలో 185 మంది అభ్యర్థులు నిలబడగా వారిలో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులు. లోక్‌సభ అభ్యర్థి 25,000 రూపాయలు ధరావతు కట్టాలి, చెల్లిన ఓట్లలో ఆరింట ఒక వంతు రాకపోతే ఆ సొమ్ము పోతుంది. పోతుందని తెలిసే రైతులు కట్టారు. తమ పంట గోడు హైదరాబాదుకు కాక ఢిల్లీకి వినపడాలని, మధ్యవర్తి లేకుండా తామే నామినేషన్లు వేసిన ఆ రైతులు ఈ వ్యాసంలోని మూలప్రశ్నను పండితులకన్నా బాగా అర్థం చేసుకున్నారు. జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా 2025 జనవరిలో మొదలయింది.

2023 శాసనసభ ఎన్నికలలో ఆ ఇద్దరు ఎంపీలూ ఎమ్మెల్యే పదవికి పోటీ చేశారు. కరీంనగర్‌లో సంజయ్ గంగుల కమలాకర్ చేతిలో స్వల్ప తేడాతో, కోరుట్లలో అరవింద్ కల్వకుంట్ల సంజయ్ చేతిలో ఓడిపోయారు. ఆరు నెలలు తిరగకముందే, 2024 మే నెలలో, ఇద్దరినీ అదే ప్రాంతపు ఓటర్లు భారీ ఆధిక్యతతో లోక్‌సభకు పంపారు. నిజామాబాద్‌లో అరవింద్ చేతిలో లక్షకు మించిన ఓట్ల తేడాతో ఓడినవారు జీవన్‌రెడ్డి; అప్పుడాయన శాసనమండలిలో, అంటే రాష్ట్ర చట్టసభలోని ఎగువ సభలో, పట్టభద్రుల స్థానానికి ప్రతినిధి. ఆరు పర్యాయాల శాసనసభ్యునికి లోక్‌సభ మూడుసార్లు అందకపోగా, శాసనసభ గడప తొక్కనివారికి అది రెండుసార్లు అందింది. ఓటరు నిర్ణయంలో తప్పు వెతకడం ఈ మాటల ఉద్దేశం కాదు. ప్రధానమంత్రి ఎవరన్న ప్రశ్నకు ఇచ్చిన జవాబుగా ఆ ఓటును చదవాలి. వేములవాడ రాజన్న ఆలయాన్ని దర్శించి, ఆ పట్టణంలోనే సభలో ప్రధాని నరేంద్ర మోదీ ప్రసంగించిన 2024 మే 8వ తేదీ ఆ ఎన్నిక స్వభావాన్ని చెబుతుంది. గెలిచిన బండి సంజయ్ ఆ జూన్‌లో కేంద్ర హోం శాఖ సహాయ మంత్రి అయ్యారు. అంతకు పాతికేళ్ళ ముందు అదే కరీంనగర్ ఎంపీగా విద్యాసాగర్‌రావు చేపట్టిన పదవే అది. ఒకే కుర్చీకి రెండు తరాలు రెండు వేరు దారుల్లో చేరాయి.

ఈ మార్పులో కలిగే నష్టం ఎక్కడుందంటే, రాష్ట్ర ప్రభుత్వ యంత్రాంగం ఎలా పనిచేస్తుందో లోపలి నుంచి చూసిన మనుషులు పార్లమెంటులో తగ్గిపోవడంలో ఉంది. గల్ఫ్‌లో మరణించిన కార్మికుని కుటుంబానికి పరిహారం రాష్ట్రం ఇస్తుంది, మృతదేహాన్ని రప్పించే పని రాయబార కార్యాలయం చేస్తుంది. కొత్తపల్లి-మనోహరాబాద్ రైలు మార్గం సిరిసిల్ల, వేములవాడ మీదుగా రావాలంటే భూమి రాష్ట్రం సేకరించాలి, పట్టాలు రైల్వే శాఖ వేయాలి. 1990లలో మొదలైన పెద్దపల్లి-నిజామాబాద్ మార్గం జగిత్యాల మీదుగా పూర్తికావడానికి 2017 దాకా పట్టిందంటే, ఇటు పని అటు తెలియక, అటు పని ఇటు కదలక ఎన్నేళ్ళు గడుస్తాయో ఊహించవచ్చు. రెండు చోట్లా పనిచేసిన మనిషికి ఏ కాగితం ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. పార్టీలు టికెట్లు ఇచ్చేటప్పుడు ఈ సంగతిని గెలుపు అవకాశాల పక్కన పెట్టి తూచాలని కోరడం అత్యాశ కాదు.

ఇక విద్యాసాగర్‌రావు ఎక్కి వచ్చిన మొదటి మెట్టు ఇప్పుడు పటంలో లేదు. 2008 నాటి నియోజకవర్గాల పునర్విభజనలో, అంటే జనాభా లెక్కలను బట్టి సరిహద్దులు మార్చి గీసే ప్రక్రియలో, మెట్‌పల్లి స్థానం రద్దయి కోరుట్ల ఏర్పడింది. నేరెళ్ళ రద్దయి వేములవాడ ఏర్పడింది. ఫలితంగా వేములవాడ, సిరిసిల్ల కరీంనగర్ లోక్‌సభ స్థానంలో, కోరుట్ల, జగిత్యాల నిజామాబాద్ స్థానంలో ఉన్నాయి. ఒకే విధమైన వలస, ఒకే నది నీరు, ఒకే తీరు బతుకుతెరువు ఉన్న ఊళ్ళ మాట ఇద్దరు ఎంపీల మధ్య చీలిపోయింది. లోక్‌సభ స్థానాల సంఖ్యను 2026 తరువాతి తొలి జనగణన దాకా మార్చరాదని 2001లో జరిగిన రాజ్యాంగ సవరణ చెబుతుంది. మహిళలకు మూడవ వంతు స్థానాలు కేటాయిస్తూ 2023లో చేసిన సవరణ అమలును కూడా ఆ తరువాతి పునర్విభజనతోనే ముడిపెట్టారు. ఆ గీతలు గీసే సంఘం ముందు అభ్యంతరాలు, సూచనలు చెప్పుకునే హక్కు పౌరులందరికీ ఉంటుంది, బహిరంగ విచారణలు జరుగుతాయి. ఈ నాలుగు ప్రాంతాలు ఒకే లోక్‌సభ స్థానంలో ఉండాలా, ఇప్పటిలాగే విడిగా ఉండాలా అన్నది అక్కడ అడగవలసిన ప్రశ్న. దానికి తగిన జవాబును గ్రామ పంచాయతీలు, నేత కార్మిక సంఘాలు, పసుపు రైతు సంఘాలు, గల్ఫ్ బాధిత కుటుంబాల వేదికలు ఇప్పటి నుంచే సిద్ధం చేసుకోవచ్చు.